అంతర్జాల పరిశోధనమున ఉమ్మడి గురుతులు

పరిశోధనమునకు మొదటి మెట్టు ఆకరముల సేకరణము. ఆకరము దొరకనిచో ఊహకు ఆధారము లేదు. దొరికిన ఆకరమును మరల చూపలేనిచో సిద్ధాంతమునకు సాక్ష్యము లేదు. పూర్వము పరిశోధకుడు గ్రంథాలయమున కూర్చుండి, చదివిన ప్రతి ముఖ్యవిషయమును చిన్న కాగితపు చీటిపై వ్రాసి, గ్రంథనామమును పుటసంఖ్యను చేర్చి, ఆ చీటీలను అకారాదిక్రమమున పెట్టెలో అమర్చుకొనెడివాడు. నేడు మన ఆకరములలో పెక్కులు అంతర్జాలమున లభించుచున్నవి. కాని ఆ చీటిపెట్టె స్థానమున నిలువదగిన సాధనము మాత్రము మన విభాగములలో ఇంకను కుదురుకొనలేదు. విద్యార్థి తాను చూచిన పుట చిరునామాను ఫోనులో కొంత, కంప్యూటరులో కొంత, మిత్రునకు పంపిన వాట్సాప్ సందేశమున కొంత విడిచిపెట్టుచున్నాడు. ఆరు నెలలు గడచిన పిమ్మట ఆ చిరునామా ఎచ్చట నున్నదో అతనికే తెలియదు.

మా అనుభవము నొకదానిని ఇచ్చట చెప్పుట అప్రస్తుతము కాదు. మేము సిద్ధాంతవ్యాసము వ్రాయుచున్న దినములలో పాత పత్రికల పుటల చిరునామాలను సుమారు మూడువందలు ఒకే కంప్యూటరులోని బ్రౌజరునందు దాచుకొంటిమి. వేసవి సెలవులలో ఆ యంత్రము చెడిపోయినది. బాగుచేసి తెచ్చినవారు దానిని ఖాళీగా తెచ్చిరి. చదివిన విషయము మనస్సున ఉన్నది. అది ఉన్న చోటు మాత్రము తెలియదు. మరల వెదకుటకు ఆరు నెలలు పట్టినది. కొన్ని నేటికిని దొరకలేదు. అధస్సూచికలో ఆధారము చూపలేకపోయినందున రెండు ప్రతిపాదనలను సిద్ధాంతవ్యాసము నుండి తొలగింపవలసి వచ్చినది. విచారింపగా ఆ నష్టమునకు యంత్రము కంటె మా అలవాటే ముఖ్యకారణమని తోచినది. గురుతులను ఒకేచోట దాచితిమి, ఒంటరిగా దాచితిమి, ఎట్టి వివరణమును వ్రాయక దాచితిమి. ఈ మూడు దోషములకును ప్రతిక్రియ కాదగిన పద్ధతి యొకటి కలదు. దానిని సామాజిక బుక్‌మార్కింగు అందురు. దాని స్వరూపమును, చరిత్రను, అది తెలుగు పరిశోధనమునకు ఉపకరించు తీరును, అందలి అపాయములను ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

స్వరూపము

పుస్తకమున ఒక కాగితపు ముక్కనో, నెమలియీకనో ఉంచి చదువు నిలిపిన చోటును గుర్తించుకొనుట అందరెరిగినదే. అంతర్జాలపు పుటకు అట్టి గురుతు పెట్టుకొను సౌకర్యము ప్రతి బ్రౌజరునందును కలదు. కాని ఆ గురుతు పెట్టుకొన్నవానికి మాత్రమే కనబడును. సామాజిక పద్ధతియందు గురుతును సొంత యంత్రములో కాక, అంతర్జాలముననే యున్న యొక సేవయందు నిక్షేపింతురు. దానికి ట్యాగులు, అనగా విషయమును తెలుపు చిన్న చిన్న పేర్లు, చేర్తురు. ఆ పుట ఏల ముఖ్యమో ఒకటి రెండు వాక్యములలో వ్రాయుదురు. పెట్టినవాడు ఆక్షేపింపనిచో ఆ గురుతు ఇతరులకును కనబడును. ఈ వ్యాసమున ఇట్టి గురుతులను ఉమ్మడి గురుతులని వ్యవహరించెదము.

ఈ పద్ధతిలో మూడు అంగములు కలవు: గురుతు పెట్టిన వ్యక్తి, గురుతు పెట్టబడిన పుట, దానికి చేర్చిన ట్యాగు. ఈ మూడింటిలో దేనిని పట్టుకొన్నను తక్కిన రెండింటికి దారి ఏర్పడును. ఒక విద్యార్థి తంజావూరు నాయకరాజుల కాలపు యక్షగానములపై పరిశోధించుచున్నాడనుకొందము. అతడు రంగాజమ్మ రచించిన మన్నారుదాస విలాసము ప్రతి ఉన్న పుటకు గురుతు పెట్టినాడు. అదే పుటకు మరి నలుగురు గురుతులు పెట్టియున్నట్లు అతనికి కనబడును. ఆ నలుగురిలో ఒకరు సంగీతశాస్త్ర పరిశోధకులు. ఒకరు దక్షిణదేశ చరిత్రకారులు. వారు ఇంకను ఏయే పుటలకు గురుతులు పెట్టిరో చూచినచో, తెలుగు పుస్తకముల పట్టికలో తాను ఎన్నడును వెదకియుండని విషయములు, నాయకరాజుల దానశాసనములు, ఆనాటి వాద్యములు, నాట్యశాలలు, ఎదురుపడును. శోధనయంత్రము అడిగిన మాటకు మాత్రమే బదులు చెప్పును. ఏమి అడుగవలెనో తెలియని స్థితిలో ఉపకరించునది తోటి పరిశోధకుని గురుతే.

చరిత్ర

ఈ భావము అంతర్జాలము కంటె పూర్వమైనది. 1945 జూలైలో అమెరికా శాస్త్రజ్ఞుడు వన్నెవార్ బుష్ అట్లాంటిక్ మంథ్లీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. అందు మెమెక్స్ అను ఊహాయంత్రమును వర్ణించెను. అది ఒక మేజబల్ల వంటిది. పరిశోధకుని గ్రంథములన్నియు సూక్ష్మచిత్రములుగా అందు నిక్షిప్తమై యుండును. ఒక విషయము నుండి మరియొక విషయమునకు అతడు నడచిన దారి చెరిగిపోక నిలిచియుండును. తురుష్కుల పొట్టివిల్లును గూర్చి శోధించిన ఒక వ్యక్తిని బుష్ ఉదాహరణముగా గైకొనెను. ఆ వ్యక్తి కొన్ని ఏండ్లకు మిత్రునితో సంభాషించునపుడు తన పాత దారిని మొత్తముగా ప్రతి తీసి అతని కిచ్చును. మిత్రుడు దానిని తన యంత్రమున చేర్చుకొనును. దారులు వేసి ఇతరులకు అందించుట ఒక వృత్తియే కాగలదని కూడ ఆయన వ్రాసెను. ఉమ్మడి గురుతుల పద్ధతికి ఇదియే బీజమని చెప్పవచ్చును.

1996లో ఇట్‌లిస్ట్ అను సేవ గురుతులను అంతర్జాలమున ఉంచుకొను సౌకర్యమును కల్పించినది. అయినను ఈ పద్ధతికి ప్రచారము తెచ్చినది 2003లో జాషువా షాక్టర్ ఆరంభించిన డెలిషియస్. అందు ఎవరైనను ఏ పుటకైనను తమకు తోచిన ట్యాగులు పెట్టవచ్చును. ముందుగా నిర్ణయింపబడిన విభాగముల పట్టిక లేదు. ఇట్లు జనులు స్వేచ్ఛగా పెట్టుకొను పేర్లవలన ఏర్పడు వర్గీకరణమునకు 2004లో థామస్ వాండర్ వాల్ ఫోక్సానమీ అని పేరు పెట్టెను. మనము దీనిని జనవర్గీకరణమనవచ్చును.

విద్వాంసుల అవసరములకై ప్రత్యేకముగా వెలసిన సేవలును కలవు. 2004లో సైట్‌యులైక్, నేచర్ ప్రచురణసంస్థవారి కనోటియా ఆరంభమైనవి. జర్మనీలోని కాసెల్ విశ్వవిద్యాలయమున బిబ్‌సోనమీ వెలసినది. ఇవి పుట చిరునామాతోపాటు కర్త, శీర్షిక, పత్రిక, సంవత్సరము మున్నగు వివరములను కూడ గ్రహించు రీతిగా రూపొందినవి. 2006లో వచ్చిన డీగో పుటలోని వాక్యములకు రంగు పూసి, ప్రక్కన వ్యాఖ్య వ్రాయు సౌకర్యమును కల్పించినది. అదే సంవత్సరమున అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయపు చరిత్ర, నవమాధ్యమ కేంద్రము జోటెరో అను సాధనమును వెలువరించినది. అది పరిశోధకుని సొంత కంప్యూటరులో ఆకరముల పట్టికను ఉంచుచునే, ఒక బృందమంతయు కలిసి వాడుకొను ఉమ్మడి పట్టికకును వీలు కల్పించును.

వర్గీకరణమా, స్వేచ్ఛయా?

గ్రంథాలయశాస్త్రము నెరిగినవారికి ఇచ్చట ఒక శంక కలుగును. 1876లో డ్యూయీ దశాంశ పద్ధతిని ప్రకటించెను. 1933లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్ కోలన్ పద్ధతిని ప్రకటించెను. పండితులు ఇంత శ్రమపడి నిర్మించిన వ్యవస్థలుండగా, ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకొనుట అరాచకము కాదా అని ఆ శంక.

దీనికి పాక్షికముగా సమాధానము చెప్పిన పరిశీలన యొకటి కలదు. 2006లో స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్ అను వారు డెలిషియస్ గురుతులను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. ఒక పుటకు సుమారు నూరుగురు గురుతులు పెట్టిన పిమ్మట, ఏ ట్యాగు ఎంత పాలు అనునది దాదాపు స్థిరపడునని వారు కనుగొనిరి. అనగా పెక్కుమంది స్వేచ్ఛగా పేర్లు పెట్టినను వాటిలో ఒక క్రమము తనంత తాను ఏర్పడునన్న మాట. ట్యాగులన్నియు ఒకే జాతివి కావని కూడ వారు చూపిరి. కొన్ని విషయమును తెలుపును. కొన్ని అది వ్యాసమో గ్రంథమో తెలుపును. కొన్ని గుణదోషములను తెలుపును. కొన్ని 'చదువవలెను' అనునట్టి సొంతపనిని మాత్రమే తెలుపును.

కాని ఈ ఫలితమును మనకు అన్వయించుకొనునపుడు జాగరూకత వలయును. తెలుగులోని ఒక ప్రాచీన ముద్రణము పుటకు నూరుగురు గురుతు పెట్టుట ఎన్నడు? ఐదుగురు పెట్టుటయే అరుదు. సంఖ్యాబలము లేనిచోట క్రమము తనంత తాను ఏర్పడదు. దానిని మనమే ఏర్పరచుకొనవలెను. ఇచ్చట రంగనాథన్ బోధించిన మార్గమే ఉపకరించును. ఆయన ఒక విషయమును ఒకే గదిలో బంధింపక, వ్యక్తిత్వము, ద్రవ్యము, శక్తి, దేశము, కాలము అను ఐదు ముఖములనుండి చూడవలెనని చెప్పెను. సాహిత్య పరిశోధకుడు దీనిని తన అవసరమునకు తగినట్లు మార్చుకొని, ప్రతి గురుతునకును ఐదు ట్యాగులు పెట్టుకొనవచ్చును: కృతి లేక కర్త, ప్రక్రియ, దేశము, కాలము, ఆకరస్వరూపము. పైన చెప్పిన పుటకు 'రంగాజమ్మ', 'యక్షగానము', 'తంజావూరు', '17వ శతాబ్ది', 'ముద్రితప్రతి' అని పెట్టిన చాలును. ఈ ఐదును ఉన్నచో ఏ ముఖమునుండి వెదకినను పుట దొరకును. ఇట్లు స్వేచ్ఛకును క్రమమునకును పొత్తు కుదురును.

తెలుగునకు గల ప్రత్యేకావసరము

ఇంతవరకు చెప్పినది అన్ని భాషలకును సమానము. తెలుగు పరిశోధనమునకు ఉమ్మడి గురుతులు విశేషముగా ఆవశ్యకములగుటకు వేరొక కారణము కలదు. ఇంగ్లీషున ఆకరము పోయినను శోధనయంత్రము దానిని మరల వెదకి తెచ్చుటకు చాలవరకు అవకాశము కలదు. అందలి పాఠము యంత్రమునకు చదువ వీలైన అక్షరములలో ఉన్నది. మన పాత గ్రంథములు, పత్రికలు అంతర్జాలమున ఉన్నవి గాని, వాటిలో పెక్కులు ఛాయాచిత్రములుగా మాత్రమే ఉన్నవి. యంత్రము వాటిని బొమ్మలుగా చూచునే గాని పాఠముగా చదువలేదు. అక్షరములను గుర్తించు యంత్రపఠనము ఇటీవల మెరుగుపడినను, వెలసిన అచ్చును, పాత అచ్చుపోతను చూచినప్పుడు తరచు పొరబడుచున్నది.

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించిన భారతి మాసపత్రికను ఉదాహరణముగా గైకొందము. ఒక సంచిక ప్రతికి అంతర్జాలమున ఉన్న పేరు సంపుటము, సంచిక, నెల, సంవత్సరము మాత్రమే. లోపల ఒక శాసనమును గూర్చిన చర్చయో, ఒక తాళపత్రప్రతిని గూర్చిన లేఖయో ఉన్నదని ఆ పేరును బట్టి తెలియదు. ఆ సంచికను తెరచి, పుటలు త్రిప్పి, చదివినవానికి మాత్రమే తెలియును. అతడు గురుతు పెట్టి, 'ఈ సంచికలో ఈ పుటలో ఈ విషయము కలదు' అని వ్రాసినచో, తరువాత వచ్చువారికి ఆ విషయము దొరకును. వ్రాయనిచో మరల చీకటిలో కలిసిపోవును. కావున తెలుగున పాఠకుడే సూచీకర్త. ఉమ్మడి గురుతు మనకు సౌకర్యము మాత్రమే కాదు. పెక్కు ఆకరములకు అదియే ద్వారము.

పుస్తకనామముల విషయమునను ఇదే స్థితి. భారతీయ డిజిటల్ గ్రంథాలయ పథకమున ప్రతులు తీయబడిన తెలుగు గ్రంథముల పేర్లు చాలవరకు రోమను లిపిలో, ఒక్కొక్కచోట ఒక్కొక్క వర్ణక్రమముతో నమోదైనవి. కొన్నింటికి కర్త పేరు తప్పు. కొన్నింటికి సంవత్సరము లేదు. అట్టి ప్రతిని గుర్తించినవాడు తెలుగులిపిలో సరియైన నామమును, కర్తను, ముద్రణకాలమును తన గురుతులో వ్రాసినచో, అది పట్టికను సంస్కరించినంత మేలు.

అయితే తెలుగు ట్యాగులకు కొన్ని చిక్కులు కలవు. యంత్రమునకు అర్థము తెలియదు. అక్షరముల వరుస మాత్రమే తెలియును. యక్షగానము, యక్షగానం, యక్షగానములు, యక్షగానాలు అను నాలుగును దాని దృష్టిలో నాలుగు వేర్వేరు పదములు. పోతన, పోతన్న, పోతరాజు, పోతనామాత్యుడు అను వారు నలుగురు కవులు. అరసున్న, శకటరేఫములతో వ్రాసిన రూపము వేరు, లేక వ్రాసినది వేరు. మరియొక చిక్కు కంటికి కనబడనిది. పొల్లును నిలుపుటకై కొందరు అక్షరముల నడుమ అదృశ్యమగు విభాజకమును వాడుదురు, కొందరు వాడరు. రెండు పదములును చూపునకు సన్నిహితములే యైనను యంత్రమునకు భిన్నములు. కావున ఒక బృందమువారు ముందుగా కూర్చుండి, ట్యాగు ఏకవచనమున ఉండవలెనా, ము-కారాంతమా, సున్నాంతమా, కవుల పేర్లు ఏ రూపమున ఉండవలెను అను విషయములను నిర్ణయించుకొని, ఒక పుటలో పట్టికగా వ్రాసికొనవలెను. ఏ రూపము గ్రహించినను దోషము లేదు. రెండు రూపములు వాడుటయే దోషము.

ఇచ్చట మన భాషకు ఒక సౌలభ్యమును కలదు. కొన్ని సేవలలో ట్యాగు ఒకే పదముగా ఉండవలెను. నడుమ ఖాళీ వచ్చినచో రెండు ట్యాగులగును. ఇంగ్లీషువారు పదములను గీతలతో అతికి ఈ చిక్కును తప్పించుకొందురు. మనకు సమాసము కలదు. 'శాసనభాష', 'ఛందోవిచారము', 'పాఠభేదము', 'గ్రంథపరిష్కరణము' అని వ్రాసినచో పదమును ఒక్కటే, అర్థమును స్పష్టమే.

సేవల అనిత్యత

ఈ సాధనములను ఆశ్రయించువారు ముందుగా ఎరుగవలసిన సత్యమొకటి కలదు. ఆకరములను రక్షించుటకు పుట్టిన సేవలే తాము నిలువలేదు. మాగ్నోలియా అను సేవ 2009 జనవరిలో దత్తాంశము చెడిపోయి, వాడుకరుల గురుతులను పోగొట్టుకొనినది. కనోటియా 2013లో, సైట్‌యులైక్ 2019లో మూతపడినవి. డెలిషియస్ 2005లో యాహూ చేతికి, 2011లో మరియొక సంస్థ చేతికి, తరువాత ఇంకను ఇతరుల చేతులకు మారి, 2017లో పిన్‌బోర్డ్ అను పోటీసేవవారి హస్తగతమై, క్రొత్త గురుతులు చేర్చుటకు వీలులేని స్థితికి వచ్చినది. పుటలను తరువాత చదువుటకు దాచుకొను పాకెట్ అను సేవను దాని యజమానియగు మొజిల్లా సంస్థ 2025 జూలైలో నిలిపివేసినది. కావున ఏ సేవయందైనను గురుతులను దాచువాడు, వాటిని మొత్తముగా ఒక దస్త్రముగా దింపుకొను సౌకర్యము ఉన్నదో లేదో మొదటిదినముననే చూచుకొనవలెను. అట్టి సౌకర్యము లేని సేవ ఎంత సుందరమైనను పరిశోధకునకు తగదు. ఉన్నచో నెలకొకమారు దింపుకొని, సొంత యంత్రమునను వేరొకచోటను ఉంచుకొనవలెను.

సేవ నిలిచినను పుట నిలుచునన్న నమ్మకము లేదు. 2013లో ఉన్న వెబ్ పుటలలో నూటికి 38 పదేండ్ల పిమ్మట లభ్యములు కాలేదని ప్యూ పరిశోధన కేంద్రము 2024లో ప్రకటించినది. హార్వర్డు విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పత్రికలలో ఉదాహరింపబడిన చిరునామాలలో నూటికి 70కి పైగా, అమెరికా సుప్రీంకోర్టు తీర్పులలో ఉదాహరింపబడినవాటిలో సగము, మొదట ఉదాహరించిన విషయమును చూపుటలేదని జొనాథన్ జిట్రెయిన్ మున్నగువారు 2014లో ప్రచురించిన పరిశీలనలో తెలిపిరి. న్యాయస్థానపు తీర్పులకే ఇట్టి గతి పట్టగా, మన సిద్ధాంతవ్యాసముల అధస్సూచికలను గూర్చి వేరుగ చెప్పనేల?

మన అనుభవమును దీనికి భిన్నము కాదు. భారతీయ డిజిటల్ గ్రంథాలయపు మొదటి వెబ్‌సైటు మూతపడినపుడు, దాని చిరునామాలను మాత్రమే వ్రాసికొన్నవారి అధస్సూచికలు నిరర్థకములైనవి. గ్రంథనామము, కర్త, ముద్రణాలయము, సంవత్సరము, ప్రతి సంఖ్య వ్రాసికొన్నవారు మాత్రము ఇంటర్నెట్ ఆర్కైవ్ నందు ఉన్న ఆ ప్రతులను సులభముగా కనుగొనగలిగిరి. చిరునామా ఇంటి తలుపు వంటిది. వివరము మనిషి పేరు వంటిది. ఇల్లు మారినను పేరు తెలిసినచో మనిషిని వెదకవచ్చును.

కాపాడుకొను మార్గమును కలదు. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు అంతర్జాలపు పుటల ప్రతులను భద్రపరచుచు, 2001 నుండి వేబ్యాక్ మెషీన్ అను పేర వాటిని అందరికిని చూపుచున్నారు. ఏ పుటనైనను అప్పటికప్పుడు అచ్చట భద్రపరచుమని ఎవరైనను కోరవచ్చును. గురుతు పెట్టిన వెంటనే ఈ పని చేసి, తేదీతో కూడిన ఆ రెండవ చిరునామాను కూడ గురుతులో వ్రాసినచో, మొదటి పుట పోయినను సాక్ష్యము నిలుచును. జోటెరో వంటి సాధనము పుట ప్రతిని సొంత యంత్రముననే దాచును.

గురుతు వ్రాయు విధము

తాళపత్రలేఖకులు పెక్కుమంది ప్రతి చివర తమ పేరును, వ్రాత ముగించిన సంవత్సరమును, మాసమును, తిథిని వ్రాసియుంచిరి. ఆ నాలుగు పంక్తుల మూలముననే నేడు ఆ ప్రతుల కాలమును నిర్ణయింపగలుగుచున్నాము. ఉమ్మడి గురుతు వ్రాయువాడును తనను అట్టి లేఖకునిగా భావింపవలెను. గురుతులో ఉండవలసిన విషయములను మేము ఇట్లు భావించుచున్నాము.

మొదటిది, ఆకరపు సంపూర్ణవివరము: కర్త, శీర్షిక, ముద్రణస్థలము, సంవత్సరము, సంపుటము. రెండవది, పుటసంఖ్య. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. ఛాయాప్రతిలో అట్ట, ముఖపత్రము, పీఠిక కూడ లెక్కింపబడుటచే, తెరపై కనబడు సంఖ్య వేరు, అచ్చులోని పుటసంఖ్య వేరు. రెండింటిని వ్రాయవలెను. అధస్సూచికలో అచ్చుసంఖ్యను, వెదకుటకు తెరసంఖ్యను వాడవలెను. మూడవది, ప్రయోజనము: ఈ పుట ఏ ప్రశ్నకు ఆధారము? నాల్గవది, లోపము: పుటలు చినిగినవా, పాఠము సందేహాస్పదమా, సంపాదకుడు మార్పులు చేసెనా? ఐదవది, చూచిన తేదీ. ఆరవది, భద్రపరచిన ప్రతి చిరునామా.

'మంచి వ్యాసము', 'ఉపయోగకరము' అని వ్రాసిన గురుతు వ్రాయనిదానితో సమానము. 'ఈ కృతి కర్తృత్వమును గూర్చి సంపాదకుని వాదము పీఠిక మూడవ భాగమున కలదు. ఆధారముగా చూపిన తాళపత్రప్రతి వివరము మాత్రము లేదు' అని వ్రాసినచో, రెండు వాక్యములలో మరియొకరి రెండు దినముల శ్రమ తగ్గును. ఇట్టి గురుతు నొకటి వ్రాయుటకు ఐదు నిమిషములు పట్టును. ఆ ఐదు నిమిషములు వెచ్చింపదగని పుట గురుతునకును తగదని మా యభిప్రాయము. వేయి గురుతులు పెట్టి నూరు చదువుట కంటె, నూరు పెట్టి నూరును చదువుట మేలు. గురుతు పెట్టినంతనే చదివినట్లు తృప్తి కలుగుట ఈ సాధనమున గల మొదటి మోసము.

ఆక్షేపములు

ఈ పద్ధతిపై మూడు ఆక్షేపములు వినబడుచున్నవి. మొదటిది, మన ఆకరములు నలుగురికి తెలిసినచో ఇతరులు ముందుగా వాడుకొందురేమో అను భయము. ఈ భయము నిరాధారము కాదు. ఉద్యోగములకును, పట్టములకును ముడిపడిన పరిశోధనమున అది సహజము. కాని పెక్కు సేవలయందు గురుతును కొంతకాలము గోప్యముగ ఉంచుటకో, బృందమునకు మాత్రమే చూపుటకో వీలుండును. అంతియకాక, తేదీతో పేరుతో బహిరంగముగా ఉన్న గురుతు, ఆ ఆకరమును మొదట గుర్తించినవాడెవరో తెలుపు సాక్ష్యము కూడ. నోటిమాటగా చెప్పిన ఆకరమును ఇతరులు కాజేసినచో నిరూపించుటకు మార్గము లేదు.

రెండవది, పెక్కుమంది మెచ్చినది ప్రామాణికమను భ్రాంతి. ఇది నిజముగా అపాయమే. ఒక పుటకు పదిమంది గురుతు పెట్టిరనగా పదిమంది దానిని పరీక్షించిరని అర్థము కాదు. ఒకరిని చూచి ఒకరు పెట్టియుండవచ్చును. గురుతుల సంఖ్య ఆకరపు ప్రసిద్ధిని తెలుపును గాని ప్రామాణ్యమును తెలుపదు. పాఠనిర్ణయమున ప్రతులను లెక్కించుట కాక పరిశీలించుట ఎట్టి ధర్మమో, ఇచ్చటను అట్టిదే ధర్మము. ఒక్క లోపమును ఎత్తిచూపిన ఒక్క గురుతు, ప్రశంసించిన పది గురుతుల కంటె విలువైనది.

మూడవది, గ్రంథస్వామ్యము. 1957 నాటి చట్టము ననుసరించి మన దేశమున సాహిత్యకృతికి రచయిత జీవితకాలమును, మరణానంతరము 60 ఏండ్లును స్వామ్యము ఉండును. చిరునామాను గుర్తించుట వేరు, ప్రతిని పంచిపెట్టుట వేరు. ఉమ్మడి పట్టికలో దారిని మాత్రమే చూపవలెను. స్వామ్యము ముగియని గ్రంథముల ప్రతులను అందు చేర్చరాదు.

ఉపసంహారము

కడపలో పండితులను తన సొమ్ముతో పోషించి, ప్రతులను సేకరించి, పాఠభేదములను గుర్తింపించి, శుద్ధప్రతులు వ్రాయించిన బ్రౌను పని గొప్పదగుటకు కారణము, అది ఒక్కరి చదువుగా ముగియక ఎల్లరకును ఆధారమగుటయే. నేడు ఒక్కొక్క పరిశోధక విద్యార్థి నాలుగైదేండ్లు అంతర్జాలమున శ్రమించి కొన్ని వందల ఆకరములను వెలికితీయుచున్నాడు. సిద్ధాంతవ్యాసమున వాటిలో కొన్ని మాత్రమే చేరును. తక్కినవి, అనగా చూచి వదలినవి, సందేహించినవి, మరియొక విషయమునకు పనికివచ్చునవి, అతనితోనే విభాగమును విడిచి పోవుచున్నవి. మరునాడు చేరిన విద్యార్థి మరల మొదటినుండి వెదకుచున్నాడు. ఇది ఏటేట జరుగు నష్టము. కాని పుస్తకము పోయినట్లు కనబడదు గనుక ఎవరును లెక్కింపరు.

దీనికి పెద్ద ధనము వలదు. విభాగమునకు ఒక ఉమ్మడి పట్టిక, ఒక పుట ట్యాగుల నియమావళి, నెలకొకమారు దానిని దింపి భద్రపరచు బాధ్యత వహించు ఒక అధ్యాపకుడు ఉన్నచో చాలును. సిద్ధాంతవ్యాసము సమర్పించునపుడు బైండు చేసిన ప్రతులతోపాటు తన గురుతుల దస్త్రమును కూడ విద్యార్థి విభాగమునకు అప్పగించుట అలవాటైనచో, పదేండ్లలో మన ముద్రితాకరములకు మరెచ్చటను లేని సూచిక ఏర్పడును. మేము మా పర్యవేక్షణలో ఉన్న విద్యార్థులతో ఈ పనిని ఆరంభించితిమి. మొదటి సంవత్సరమున చేరిన గురుతులు స్వల్పములే. అయినను మేము మా సిద్ధాంతవ్యాసము నుండి తొలగించిన రెండు ప్రతిపాదనలలో ఒకదాని ఆధారము, వేరొక విషయమును వెదకుచున్న ఒక విద్యార్థి పెట్టిన గురుతులో మాకు మరల కనబడినది.